గడప దాటని అతిథి

కృత్తికలు సముద్రంలో మునగడానికి పన్నెండు రోజుల ముందు
పారోస్

తమ్ముడు లెయోక్సస్‌కి అక్క హెగెసో చెప్పేది.

నిలబడి చదువుతుంటే కూర్చో, లెయో. నీ మేనల్లుడు లాంపోన్ లేడు. చంపేశారు. ఏడు రోజులైంది. నీకు ఎలా చెప్పాలా అని మూడు రోజులు తన్నుకున్నాను. ఎలా చెప్పినా చచ్చినవాడు లేచి రాడు కదా అని ఇలా చెప్పేస్తున్నాను.

సముద్రదేవుడు పొసైడన్ పండగనాడు జరిగింది. ఎండాకాలంలో ఒక పడవ తిరగబడితే మనవాడు ఈదుకెళ్ళి ముగ్గుర్ని ఒడ్డుకు లాక్కొచ్చాడు. అందుకని ఈ ఏడు బలి ఎద్దు వెన్ను మాంసం వాడికే వడ్డించాలని ఊరి పెద్దలు తీర్మానించారు. నీకు తెలుసుగా, తాతల నాటి నుంచి ఆ ముక్క రాతిగనుల ఫెయిడోన్ ఇంటిది. ఫెయిడోన్ కొడుకు అల్కిమస్ లేచి, "వలలు ఈడ్చుకునేవాడికి వెన్ను మాంసమా?" అన్నాడట. మనవాడు ఊరుకుంటాడా? వాడి నోరు మన ఇంటి నోరే కదా. "బాధపడకన్నా, తోక నీకే వదిలేస్తాలే" అన్నాడట. పంక్తి పంక్తంతా నవ్వింది. అల్కిమస్ చేతిలో మాంసం కోసే కత్తి ఉంది. అంతే. నేను పరుగెత్తుకెళ్ళేసరికి మనవాడి ముందు పెట్టిన మాంసం ఇంకా పొగలు కక్కుతోంది.

ఆ పాపిష్టివాడు అటునుంచి అటే ఉత్తరానికి పోయే పడవెక్కాడు. వాడి తండ్రి వచ్చి నా గుమ్మంలో తల దించుకుని నిలబడి బంగారం ఇస్తానన్నాడు. నీ కొడుకుని ఇవ్వు, తీసుకుంటానన్నాను.

మగదిక్కు లేని ఇల్లు నాది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. లాంపోన్ నెత్తురుకి జవాబు చెప్పించాల్సిన మేనమామవి నువ్వొక్కడివే. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని, రొట్టె నమిలి నీ నోట్లో పెట్టి పెంచాను. ఇన్నేళ్ళలో నిన్ను ఏదైనా అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను. ఉత్తరాది రేవుల్లో ఎక్కడ దొరికితే అక్కడ వాణ్ణి చంపు.

ఈ ఉత్తరం రాసిన సీసపు రేకు నువ్వు పంపింది కాదు. లాంపోన్ వలకి కట్టిన గుండు. రాయితో కొట్టి రేకు చేశాను. ఆ వలకి ఇంకా చాలా గుండ్లున్నాయి. వాడి నెత్తురంటిన బట్ట ఉతకలేదు. నీ దగ్గర్నుంచి కబురు వచ్చేదాకా ఉతకను.

కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూ,
నీ అక్క.


వానకోయిలలు వచ్చిన మూడో రోజు
థాసోస్

మా అక్క హెగెసోకి, ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకోకుండా పెరగని తమ్ముడు రాసేది.

గాలి తిరిగింది, పడవలు నీళ్ళలోకి దించుతున్నారు. మొదటి పడవకే ఉత్తరం ఇవ్వకపోతే నన్ను బతకనివ్వవు కనక రాస్తున్నాను. చలికాలానికి ముందు వచ్చే ఆఖరి పడవ ఈసారి రానే లేదు. గాలికి ఏ దీవిలోనో చిక్కుకుపోయిందంటున్నారు. కాబట్టి నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. అలిగావేమో అనుకుందాం అంటే అలగడానికి కూడా ఉత్తరం రావాలి కదా!

అక్కా, మా ఇంట్లో మనూరి మనిషి ఉన్నాడు. పడవలు ఆగిపోయిన వారానికి, మధ్యాహ్నం వడగళ్ళు పడుతుంటే, గుమ్మంలో ఎవరో తడిసి ముద్దయి నిలబడ్డారు. నేను మేకల్ని లోపలికి తోలే హడావిడిలో చూడలేదు. నీ మరదలు అర్గేయా ఒక్క అరుపు అరిచింది. "పరాయి మనిషిని అంతసేపు గడప అవతల నిలబెడతావా? నీ మర్యాద మండిపోనూ!" సిగ్గేసి పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. వేడినీళ్ళు, పొడి బట్ట, రొట్టె, జున్ను, ద్రాక్షసారా. పేరు అడగలేదు. తినకముందు పేరు అడిగేవాడు ఇంటాయన కాదు, రేవులో సుంకం వసూలు చేసేవాడు అని నాన్న అనేవాడు, గుర్తుందా?

తిన్నాక అడిగాను. రాతిగనుల ఫెయిడోన్ కొడుకు అల్కిమస్ అట! నేను ఊరొదిలినప్పుడు ముక్కు కారుకుంటూ తిరిగేవాడు. ఇంత దూరం ఎందుకొచ్చావంటే, "ఒక మనిషి నెత్తురు నా చేతి మీద ఉంది" అన్నాడు. దాచలేదు. ఎవరిదని నేను గుచ్చి అడగలేదు. ఈ దీవికి వచ్చినవాళ్ళలో సగం మంది కథ అదే. మాట మారుద్దామని, "మా అక్క హెగెసో నీకు తెలిసే ఉంటుంది, మా మేనల్లుడు లాంపోన్ తెలుసా?" అన్నాను. చేతిలో గిన్నె జారిపోయింది. మొహం కప్పుకుని ఏడ్చాడు. ఊరి మీద అంత బెంగ! నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తెల్లారి పోతానన్నాడు. ఆ వడగళ్ళలో అతిథిని పంపిస్తే, అతిథుల్ని కాచే దేవుడు జ్యూస్ నా ఇంటి కప్పు ఊడబీకడూ? నేనే తలుపుకి అడ్డంగా కూర్చున్నాను. చలికాలమంతా ఉంచేశాను. పనిమంతుడు. రాతిగోడ కడితే మేక కూడా దూకలేదు. మా ఫానోకి ఆరేళ్ళు వచ్చాయా, "బాబాయ్, బాబాయ్" అని వాడి మెడ దిగదు.

అసలు సంగతి ఇంకా ఉంది. పదిహేను రోజుల కింద ఎదురు గట్టు థ్రేస్ వాళ్ళు మేకల కోసం వచ్చి పడ్డారు. బురదలో నా కాలు జారింది. బల్లెం నా మీదికి వస్తుంటే అల్కిమస్ అడ్డంగా దూకాడు. తొడలో దిగింది. లేకపోతే ఈ ఉత్తరం నీకు అర్గేయా రాయాల్సి వచ్చేది.

వాడు లేచి నడిచిన రోజున అతిథి బంధం కట్టుకున్నాం. గొర్రె చీలమండ ఎముకని రెండుగా చీల్చి, సగం నేను, సగం వాడు. వాడు వద్దంటే వద్దన్నాడు. "నేను దానికి తగను" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వినయం! నేను వింటానా? పొయ్యి దగ్గర ద్రాక్షసారా పోసి జ్యూస్ సాక్షిగా పాత మాటలన్నీ చెప్పాను. "నీ పగవాడు నా పగవాడు, నిన్ను చంపినవాణ్ణి నేను చంపుతాను, వాడు నా తోడబుట్టినవాడైనా సరే." అర్గేయా నవ్వింది, "నీకు తోడబుట్టింది మీ అక్క ఒక్కతే, ఆవిణ్ణి జాగ్రత్తగా ఉండమని రాయి" అని. కాబట్టి రాస్తున్నాను, జాగ్రత్త!

ద్రాక్ష కోతలకి లాంపోన్‌ని పంపించు. వాడికి మీసం వచ్చిందా? అల్కిమస్‌ని అడిగితే "వచ్చింది" అని బయటికి వెళ్ళిపోయాడు.

ఫానో తన మేనత్తకి ముద్దులు పంపుతోంది. సీసం అయిపోయింది.
నీ లెయో.


పదమూడు రోజుల తర్వాత
థాసోస్

అక్కా.

చిక్కుకుపోయిన పడవ నాలుగు రోజుల కింద వచ్చింది. నీ ఉత్తరం అందులో ఉంది.

నా ముందు ఉత్తరం అప్పటికే నీకు బయల్దేరిపోయింది. దాన్ని చదవకు. నీ చేతికి రాకముందే పడవ మునిగిపోతే బాగుండునని ఆ రాత్రంతా అనుకున్నాను. అందులో పదిమంది మనుషులున్నారని తర్వాత గుర్తొచ్చింది. నా బుద్ధి అలా అయిపోయింది.

లాంపోన్. నేను ఊరొదిలేటప్పుడు నా చెప్పు ఒకటి దాచేసి, అది దొరక్కపోతే మామ వెళ్ళడనుకున్నాడు వాడు. నాలుగేళ్ళవాడు. ఇప్పటికీ ఆ చెప్పు మీ ఇంట్లో ఎక్కడో ఉండాలి.

నీ ఉత్తరం చదివి కత్తి తీసుకుని బయటికి వెళ్ళాను. అల్కిమస్ గోడ మీద ఉన్నాడు, ఫానో కింద నిలబడి రాళ్ళు అందిస్తోంది. నా మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది. "అమ్మ దగ్గరికి వెళ్ళు తల్లీ" అని దాన్ని పంపించాడు. దిగి వచ్చి, శరణు కోరేవాడిలా పొయ్యి పక్కన బూడిదలో కూర్చుని మెడ వంచాడు.

"వాడు నా మేనల్లుడని నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి రోజు గిన్నె చేజారినప్పుడే తెలిసింది."

"చెప్పలేదేం?"

"అప్పటికే నీ రొట్టె తిన్నాను. చెబితే నన్ను చంపలేక నువ్వు చస్తావు. వెళ్ళిపోదామంటే తలుపుకి అడ్డంగా కూర్చున్నావు."

"ఒక మాంసం ముక్క కోసమా?"

"ముక్క కోసం కాదు. అందరూ నవ్వారు" అన్నాడు. మళ్ళీ తనే, "ఇప్పుడు చెబుతుంటే నాకే అసహ్యంగా ఉంది" అన్నాడు.

నా చెయ్యి లేవలేదు, అక్కా. తిట్టు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. నా కప్పు కింద, నా పొయ్యి దగ్గర, నా చేత్తో పెట్టిన రొట్టె తిన్నవాణ్ణి నేను ఎలా చంపను? నా మీద పడాల్సిన బల్లెం వాడి తొడలో దిగింది, ఇప్పటికీ కుంటుతున్నాడు. వాణ్ణి చంపితే లాంపోన్‌కి న్యాయం చేసినవాణ్ణవుతాను, జ్యూస్‌కి ద్రోహినవుతాను. వదిలేస్తే జ్యూస్ దగ్గర మంచివాణ్ణి, నీ దగ్గర కుక్కని. ఏ పక్కకి తిరిగినా గొయ్యే.

ఆ రోజు నుంచి వాడు ఇంట్లోకి రావడం లేదు. మేకల కొట్టంలో పడుకుంటున్నాడు. ఒక్కటే అడుగుతున్నాడు, నీ దగ్గరికి వస్తానని. నువ్వు పందిపిల్ల నెత్తురుతో వాడి చేతులు కడిగి శుద్ధి చేస్తే, బతికినన్నాళ్ళూ నీ ఇంట్లో కొడుకు చెయ్యాల్సిన పని చేస్తానంటున్నాడు. వల వేస్తాడు, కట్టెలు తెస్తాడు, నిన్ను మట్టి చేస్తాడు. చంపితే చంపనీ అని కూడా అంటున్నాడు, కానీ దానికి నేను ఒప్పుకోను. నువ్వు మాట ఇస్తేనే పంపిస్తాను.

లెయోక్సస్.


బార్లీ కంకులు పాలు పోసుకుంటున్న రోజులు
పారోస్

థాసోస్‌లో కాపురముండే లెయోక్సస్‌కి.

నీ వానకోయిలల ఉత్తరం అందింది. పడవ రాలేదనీ నా ఉత్తరం అందలేదనీ రాశావు. ఎంత చక్కగా రాశావురా! చలికాలం ముందు పంపిన ఉత్తరం వానకోయిలలు వచ్చినా అందదా? నేను నమ్మాలా? ఒక మనిషి నెత్తురు చేతికి అంటుకుని వస్తే, పారోస్ నుంచి వస్తే, నీ మేనల్లుడి పేరు వినగానే గిన్నె పడేస్తే, ఎవరిదిరా ఆ నెత్తురు అని ఒక్క మాట అడగడానికి నీ నోరు పడిపోయిందా?

అడగలేదు. ఎందుకంటే అడిగితే తెలిసిపోతుంది.

వేడినీళ్ళు పోశావు. నా కొడుకు నెత్తురు నీ ఇంటి నీళ్ళతో కడిగి తుడిచి పొడి బట్ట కట్టావు. నీ కూతురు వాడి మెడ మీద ఎక్కి తిరుగుతోంది, మంచిది. లాంపోన్‌ని పంపమన్నావు. మీసం వచ్చిందా అన్నావు. వచ్చింది. దానికి నూనె రాసి, దువ్వి, చితి మీద పెట్టాను.

ఎముక చీల్చుకున్నావట. చీల్చుకో. నీకూ నాకూ మధ్య కూడా ఇవాళ్టితో ఒక ఎముక విరిగింది, దాని ముక్కలు మాత్రం కలవవు.

ఇది రెండో గుండు. నీకింక ఒక్క గుండు కూడా ఖర్చు చెయ్యను.

లాంపోన్ తల్లి.


కృత్తికలు తెల్లవారుజామున మళ్ళీ కనిపించిన రోజు
పారోస్

తమ్ముడు లెయోకి అక్క చెప్పేది.

నీ రెండో ఉత్తరం నా కోపపు ఉత్తరానికి ఎదురొచ్చింది. నా మొదటి ఉత్తరం పట్టుకెళ్ళిన పడవవాణ్ణి పిలిచి అడిగాను. చలికాలమంతా స్కైరోస్ దీవిలో ఇరుక్కున్నామని ప్రమాణం చేశాడు. నీకు ముందు తెలియదని అర్థమైంది. నా నోటికి తాళం లేదు, నీకు తెలుసుగా. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కడుపుకోత మాట్లాడించింది అనుకో.

కోతలు మొదలయ్యాయి. ఒంటరిగా కోస్తున్నాను. సాయం వస్తామని ఇరుగుపొరుగు అంటారు, వచ్చి నా మొహం చూసి పని మరిచిపోయి ఏడుస్తారు. వాళ్ళని ఓదార్చడం ఇంకో పని. నిన్న ఆ చెప్పు దొరికింది, పాత వలల కింద. ఎలక కొరికేసింది.

ఆలోచించాను. ఇల్లు ఖాళీగా ఉంది. నువ్వు వాణ్ణి చంపలేవు, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. పంపించు. జ్యూస్ మీద ఒట్టేసి చెబుతున్నాను, నా గడప దాటి లోపలికి వచ్చి నా రొట్టె తిన్నవాడికి నా చేతి మీదుగా హాని జరగదు. ఈ మాట వాడికి చదివి వినిపించు. పందిపిల్లని కొని పెరట్లో కట్టేశాను.

కొడుకు పని చేస్తానన్నాడట కదా. లాంపోన్ వల, చేపలు పొడిచే బల్లెం అన్నీ గుమ్మం పక్కనే ఉన్నాయి. ఎక్కడివక్కడే ఉంచాను.

నిన్ను పెంచిన అక్క,
హెగెసో.


బార్లీ నూర్పిళ్ళు అయ్యాక
థాసోస్

అమ్మలాంటి అక్కకి.

ఈ ఉత్తరం తెచ్చినవాడే అల్కిమస్. ఇంతకంటే పెద్ద మాట నాకు రాయడం రాదు.

నీ ఉత్తరం చదివి అర్గేయా, నేను పిల్లల్లా ఏడ్చాం. నీ కోపపు ఉత్తరం కూడా వచ్చింది. అది కరిగించి కొట్టం తలుపుకి మేకు పోసుకున్నాను, దాన్ని మరిచిపో. నీ ఒట్టు అల్కిమస్‌కి మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి విని చిన్నగా నవ్వాడు. ఎందుకని అడిగితే, "మీ అక్క తెలివైనది" అన్నాడు. "అవును మరి, ఎవరనుకున్నావ్!" అన్నాను.

వాడి మెడలో సగం ఎముక ఉంటుంది. అది చూస్తే నన్ను చూసినట్టే అనుకో. అర్గేయా తేనె రొట్టెలు చేసి పంపుతోంది. ఫానో గవ్వల దండ గుచ్చింది, "అత్తకి బాబాయే కట్టాలి" అని ఒట్టు వేయించుకుంది. అది రేవు దాకా వచ్చి గోల చేసింది. వాడు కుంటుకుంటూ పడవెక్కుతుంటే నాకు ఎందుకో లాంపోన్ దాచిన చెప్పు గుర్తొచ్చింది.

తొడ గాయం చలికి సలుపుతుంది. ఆలివ్ నూనె వేడిచేసి రాయి.

అక్కా, నువ్వు ఇలా చెయ్యగలవని నాకు తెలుసు. జ్యూస్ నిన్ను చల్లగా చూస్తాడు.

నీ లెయో.


ఉత్తర గాలి మొదలైన నాలుగో రోజు
పారోస్

లెయోక్సస్‌కి హెగెసో చెప్పేది.

అయిపోయింది. నిన్న.

ఎండ నడినెత్తిన ఉండగా వచ్చాడు. రేవు నుంచి నా ఇంటి దాకా ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తోంది. గడప అవతల నిలబడ్డాడు. అతిథి అక్కడే నిలబడాలి కదా. ఇంటివాళ్ళు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోవాలి. నేను గడప ఇవతల నిలబడ్డాను. చెయ్యి పట్టుకోలేదు.

లాంపోన్ బల్లెం నా చేతిలో ఉంది. దాచలేదు. వాడు దాన్ని చూశాడు, నా మొహం చూశాడు. పారిపోవచ్చు. కుంటికాలైతేనేం, నేను ముసలిదాన్ని, నా చేతిలోంచి బల్లెం లాక్కోవచ్చు. కదల్లేదు.

"అమ్మా, క్షమించమని ఇక్కడి నుంచే అడగనా, లోపలికి వచ్చాక అడగనా?" అన్నాడు.

"అక్కడే ఉండు" అన్నాను.

తల ఊపాడు. అంతే జరిగింది. నేను రెండు చేతులతో పొడిచాను. చేపకంటే మెత్తగా దిగింది.

నా ఒట్టు తప్పలేదు, చూసుకో. నా గడప దాటలేదు, నా రొట్టె తినలేదు. వాడు నా అతిథి కాడు. దేవుళ్ళు నన్ను వేలెత్తి చూపలేరు. నువ్వు చూపుతావు, తెలుసు. నీకు అబద్ధం రాశాను. నిన్ను ఎరగా వేశాను. నువ్వు చెయ్యలేని పని నేను చేశాను, నువ్వు దానికి పడవ కూడా ఏర్పాటు చేశావు.

నీ ఉత్తరం వాడి సంచిలో ఉంది. తర్వాత చదివాను. గవ్వల దండ కూడా ఉంది, నెత్తురు అంటలేదు. తేనె రొట్టెలు అలాగే ఉన్నాయి. నేను తినలేను, కుక్కలకి వెయ్యలేను. చీమలు పడుతున్నాయి.

లాంపోన్ బట్ట ఉతికేశాను. పగ తీరితే కడుపు చల్లబడుతుందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అబద్ధం, లెయో. బట్ట ఉతికి ఆరేశాక చూస్తే అది ఒట్టి బట్ట. మరక పోయింది, దాంతోపాటు వాడు కూడా పోయాడు. ఇన్నాళ్ళూ ఆ మరకని చూసుకుంటూ బతికాను.

ఫెయిడోన్ వచ్చి కొడుకుని బండి మీద వేసుకుని తీసుకుపోయాడు. ఆయనకి ఇంకో కొడుకు లేడు. పగ పట్టడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

హెగెసో.


ద్రాక్ష రంగు తిరుగుతున్న రోజులు
థాసోస్

హెగెసోకి లెయోక్సస్ చెప్పేది.

ఆ ఇంట్లో పగ పట్టడానికి ఎవరూ లేరన్నావు. ఉన్నారు. నేనున్నాను.

నా మొదటి ఉత్తరంలో రాశాను కదా, పొయ్యి దగ్గర నేను అన్న మాట. నవ్వుకుంటూ రాశాను. "నిన్ను చంపినవాణ్ణి నేను చంపుతాను, వాడు నా తోడబుట్టినవాడైనా సరే." నువ్వు దాన్ని చదివావు. చదివి కూడా వాణ్ణి నీ గుమ్మంలోకి రప్పించావు. గడప గురించి లెక్క చూసుకున్నావు, రొట్టె గురించి చూసుకున్నావు. నా గురించి ఎందుకు చూసుకోలేదు?

వాడు నీకు అతిథి కాడు. నిజమే. నాకు అతిథి. నీ ఒట్టు నిలబడింది, నాది నీ గుమ్మంలో చచ్చింది.

ఇక్కడ ఊరంతా ఏమనుకుంటోందో తెలుసా? నేనూ నువ్వూ కలిసి పన్నాం అని. చలికాలమంతా మేపి కసాయి దగ్గరికి తోలాడు అని. నా ఇంటి పొయ్యి నిప్పు ఎవరూ తీసుకోవడం లేదు. పొరుగింటివాడు నేను బావి దగ్గరికి వస్తే కడవ దించి వెళ్ళిపోతున్నాడు. అర్గేయా నాతో మాట్లాడదు. ఫానో మాత్రం రోజూ అడుగుతుంది, బాబాయ్ అత్తకి దండ కట్టాడా అని. కట్టాడని చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి వెతుకుతున్నాను, ఎక్కడైనా సందు ఉందా అని. నీలాగా. నువ్వు పెంచినవాణ్ణే కదా, నాకూ ఆ తెలివి రావాలి. దొరకలేదు. నేను ఒట్టేసిన మాటల్లో ఎక్కడా గడప లేదు.

ద్రాక్ష కోసేసి, గానుగ ఆడించి వస్తాను. ఎందుకొస్తున్నానో చెప్పే వస్తున్నాను. నువ్వు నాకు చెప్పకుండా చేసినట్టు నేను చెయ్యలేను. ఎక్కడికైనా వెళ్ళిపో, అక్కా. నేను వచ్చేసరికి ఇంట్లో ఉండకు. నాక్సోస్‌లో నీ ఆడపడుచు ఉంది. వెళ్ళు. నేను వచ్చి, వెతికి, దొరకలేదని దేవుళ్ళకి చెప్పుకుంటాను. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

లెయోక్సస్.


స్వాతి చుక్క తెల్లవారుజామున కనిపించిన రోజు
పారోస్

నా చిట్టి తమ్ముడు లెయోకి అక్క రాసేది.

నాక్సోస్ వెళ్ళను. ఈ వయసులో ఒకరి పొయ్యి దగ్గర బూడిదలో కూర్చోవడం నా వల్ల కాదు. పైగా నేను పారిపోతే నువ్వు ఒట్టు తప్పినవాడివే అవుతావు. వెతికాను, దొరకలేదు అంటే జ్యూస్ నమ్ముతాడా? నువ్వు చిన్నప్పుడు అత్తిపళ్ళు తినలేదని అబద్ధం చెబితే నేనే నమ్మేదాన్ని కాదు. అర్గేయా నీతో మాట్లాడాలి, నీ నిప్పు ఊళ్ళో వాళ్ళు తీసుకోవాలి, ఫానో రేపు పెద్దదై ఒక ఇంటికి వెళ్ళాలి. ఒట్టు తప్పినవాడి కూతుర్ని ఎవరు చేసుకుంటారు?

నీ మాటలు చదివాను, తెలిసే చేశాను. తోడబుట్టినవాడైనా సరే అన్నది చదివినప్పుడు నాకు నవ్వు కూడా వచ్చింది. లాంపోన్ కంటే నాకు ఏదీ పెద్దగా కనపడలేదు. నువ్వు కూడా కనపడలేదు. అదొక్కటే నేను నీకు చేసిన తప్పు. దానికి నీ కాళ్ళు నేను పట్టుకోవాలి.

గవ్వల దండ నేనే కట్టుకున్నాను. ఫానోకి చెప్పిన అబద్ధంలో సగమైనా నిజమైందిలే.

అన్నీ సర్దిపెట్టాను. పందిపిల్లని ఫెయిడోన్ ఇంటికి పంపాను, ఆయన తీసుకున్నాడు. ఆ చెప్పు గుమ్మం పక్కన పెట్టాను, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. కృత్తికలు మునిగేలోగా రా, లేకపోతే మళ్ళీ పడవ ఎక్కడో చిక్కుకుని చలికాలమంతా ఇద్దరం చావలేక చస్తాం.

ఇది ఆఖరి గుండు. మిగిలినవన్నీ లాంపోన్ సమాధిలో పెట్టించాను. ఇక ఆ వల నీళ్ళలో మునగదు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. నువ్వు వచ్చిన రోజు పొయ్యి ఆర్పేసి ఉంచుతాను. గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వను. నీకు మొదటి ముద్ద పెట్టినదాన్ని, నువ్వు గుమ్మంలో నిలబడితే పెట్టకుండా ఉండటం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. కానీ నా ఇంట్లో ఒక్క తునక తిన్నావంటే నీ చెయ్యి లేవదు, అది నేను ఎరుగుదును. గడప దాటకు. నేనే బయటికి వస్తాను. నన్ను చూసి నువ్వు అడిగినా పెట్టను, ఏడ్చినా పెట్టను.

చిన్నప్పట్నుంచీ ఆకలికి ఆగలేవు. పడవలోనే తినేసి రా, నాయనా.

అక్క.